మెదడుకు అద్దం – న్యూరోఫీడ్‌బ్యాక్

ఇటీవల ఒక తల్లి పదేళ్ల కుమారుని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది. బాలునికి మూర్ఛవ్యాధి ఉన్నది. రెండేళ్లుగా మందులు వాడుతున్నందున అది అదుపులోనే ఉన్నది. అయితే చదువుపై మనస్సు నిలవటం లేదు. న్యూరోఫీడ్‌బ్యాక్ అనే చికిత్స నలభై పర్యాయాలు చేయిస్తే ఏకాగ్రత కుదురుతుందనీ, మూర్ఛ మందులు కూడ మానివేయవచ్చుననీ ఎవరో ఆమెకు చెప్పారట. "గాజులు అమ్మి అయినా చేయిస్తానండీ. మందులు ఇప్పుడే ఆపమంటారా?" అని అడిగింది. ఆమెకు చెప్పిన సంగతులు ఇతర గృహస్థులకు కూడ ఉపయోగపడతాయని ఇక్కడ వివరిస్తున్నాను.

మన మెదడులోని నాడీకణాలు అతి సూక్ష్మమైన విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో ఈ విద్యుత్తును తలపై నుండి నమోదు చేసి, 1929లో లోకానికి వెల్లడించాడు. నేటి ఇ.ఇ.జి. పరీక్షకు అదే మూలం. గాఢనిద్రలో సెకనుకు 4 కంటె తక్కువ సార్లు కదలాడే డెల్టా తరంగాలు, మగతలో 4 నుండి 8 వరకు థీటా, కనులు మూసి విశ్రమించినప్పుడు 8 నుండి 13 వరకు ఆల్ఫా, చురుకుగా ఆలోచిస్తున్నప్పుడు అంతకు మించిన బీటా తరంగాలు ప్రధానంగా కనిపిస్తాయి.

న్యూరోఫీడ్‌బ్యాక్‌లో తలపై చిన్న లోహపు బిళ్లలు అంటించి, ఈ తరంగాలను కంప్యూటరు తెరపై ఆటగానో, సంగీతంగానో మార్చి చూపుతారు. కోరిన తరంగం పెరిగితే ఆట సాగుతుంది, తగ్గితే ఆగుతుంది. యంత్రం మెదడులోనికి విద్యుత్తును పంపదు. అద్దంలో చూసి బొట్టు సరిదిద్దుకొన్నట్లు, మెదడు తన తీరును తానే సరిదిద్దుకొనటం నేర్చుకొంటుందన్నది దీని సూత్రం.

1960లలో అమెరికాలో బారీ స్టెర్మన్ పిల్లులకు ఇటువంటి శిక్షణ ఇచ్చాడు. రాకెట్ ఇంధనపు విషం సోకినప్పుడు, శిక్షణ పొందిన పిల్లులు మూర్ఛను ఎక్కువసేపు తట్టుకొన్నాయి. 1972లో ఒక మూర్ఛరోగికి ఈ పద్ధతి మేలు చేసినట్లు ఆయన ప్రకటించాడు. మన దేశంలోనూ, ధ్యానంలో ఉన్న యోగుల ఆల్ఫా తరంగాలను బయటి శబ్దం, వెలుతురు చెదరగొట్టలేకపోయాయని ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 1961లో ప్రచురించారు.

ఆశ కలిగించే విషయాలే ఇవి. కాని మరొక పక్క కూడ చూడాలి. ఏకాగ్రత లోపం గల 7 నుండి 10 ఏండ్ల పిల్లలు 144 మందిపై అమెరికాలో జరిగిన పరీక్షాఫలితాలు 2021లో ప్రచురితమైనాయి. కొందరికి నిజమైన శిక్షణ, మిగిలినవారికి ఉత్తుత్తి శిక్షణ 38 పర్యాయాల వరకు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో పిల్లలకూ, తల్లిదండ్రులకూ తెలియదు. రెండు వర్గాలవారూ మెరుగుపడ్డారు. నిజమైన శిక్షణ అధిక ప్రయోజనమేమీ చూపలేదు. క్రమం తప్పని సాధనకు, పెద్దలు చూపే శ్రద్ధకు కూడ బలమున్నదని నేను దీనినుండి గ్రహించాను.

చరకసంహిత చెప్పిన మూడు చికిత్సలలో సత్త్వావజయం ఒకటి. అహితమైన విషయాలనుండి మనస్సును మరల్చటమే అది. దానికి యంత్రం అవసరం లేదు. బాలునికి నేను సూచించినవి ఇవి: రోజూ ఒకే వేళకు నిద్ర, పడుకొనుటకు గంట ముందే టి.వి., సెల్‌ఫోను కట్టివేయుట. ఇరవై నిమిషాల చదువు, ఐదు నిమిషాల విరామం. ఉదయం పది నిమిషాలు నెమ్మదైన శ్వాస. మూర్ఛ ఉన్నవారికి నిద్రలేమి కీడు చేస్తుంది. వేగంగా ఊపిరి తీసే కపాలభాతి వంటివి కూడ వారు చేయరాదు.

ఇక మందుల మాట. మూర్ఛ మందులను హఠాత్తుగా ఆపితే ఎడతెగని మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చు. తగ్గించాలన్నా, మానాలన్నా నరాల వైద్యుడే నిర్ణయించాలి. న్యూరోఫీడ్‌బ్యాక్ చేయించుకొనదలచినవారు మందులకు తోడుగానే చేయించుకొనాలి. అప్పు చేసి మాత్రం కాదు.

ఆ తల్లి కొంత నిరాశతోనే వెళ్లింది. మూడు నెలల తరువాత మళ్లీ వచ్చింది. బాలుడు మందులు వేసుకొంటున్నాడు. ఏకాగ్రత పూర్తిగా కుదరలేదు గాని, సాయంత్రం తండ్రి పక్కన కూర్చొని ఒక పాఠం ముగిస్తున్నాడట. ఆమె చేతికి గాజులు ఉన్నాయి.