వేషము – వ్యక్తి: 'కన్యాశుల్కం' చూపిన దారి

మనిషి తన అసలు వింత స్వభావాన్ని నిత్యవ్యవహారపు ముసుగులో దాచుకొంటాడా? 'పర్సన్' అన్న ఆంగ్లపదానికి మూలమైన లాటిన్ 'పెర్సోనా' నటుల ముసుగుకు పేరు కావడం గమనింపదగినది. అయితే ఈ విచారణకు మనము దూరం పోనక్కరలేదు. గురజాడవారి 'కన్యాశుల్కం' (1897, పునారచన 1909) చాలునని మేము తలుస్తున్నాము.

అందులో కరటకశాస్త్రి శిష్యుడు ఆడవేషంతో లుబ్ధావధానులకు పెళ్ళికూతురవుతాడు. అది బట్టలతో పోయే వేషం. గిరీశం సంగతి వేరు. ఇంగ్లీషు మాటలూ, సంస్కరణోపన్యాసాలూ తొలగించి చూస్తే లోపల వింత మనిషి ఎవరూ కనిపించరు. ఉన్నది సామాన్యమైన స్వార్థమే. (మన విద్యార్థులకు అతడే నాయకుడుగా తోచడం వేరే కథ!)

మధురవాణి దగ్గర ఈ లెక్క తలక్రిందులవుతుంది. వేశ్య అన్నది లోకం ఆమెకు తొడిగిన ముసుగు. దాని చాటున ఆమె దాచుకొన్నది దోషం కాదు, వివేకం, దయ. వేశ్యలంటే గిట్టని సౌజన్యారావు పంతులు ఇంటికి ఆమె పురుషవేషంలో వెళ్ళవలసి వచ్చింది. తన సహజరూపంతో చెప్పలేని నిజాన్ని ఆ మారువేషంతోనే చెప్పగలిగింది. ఆ మాటతోనే లుబ్ధావధానులకు హత్యానేరం నుండి బయటపడే దారి దొరికింది. గిరీశం బండారమూ బయటపడింది.