పాత లాప్‌టాప్, అను ఫైళ్లు, వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలు

ప్రశ్న: నేను రిటైర్డ్ హెడ్మాస్టర్‌ని. 2016లో కొన్న లాప్‌టాప్ ఇంకా బాగానే నడుస్తోంది. విండోస్ 10కి కాలం చెల్లిందనీ, విండోస్ 11 దీంట్లో ఎక్కదనీ, కొత్తది కొనాల్సిందేననీ షాపువాళ్లు అంటున్నారు. నేను చేసేదల్లా పేపర్లు చదవడం, యూట్యూబ్‌లో ప్రవచనాలు వినడం, అప్పుడప్పుడు పెన్షనర్ల సంఘం ఉత్తరాలు టైపు చేయడం. నిజంగా కొనాలా?
— ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: అక్కర్లేదు మాస్టారూ. షాపువాళ్లు చెప్పిన మొదటి రెండు మాటలూ నిజమే. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. విడిగా నమోదు చేసుకున్నవాళ్లకు మరో ఏడాది గడువు ఇచ్చింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి మొదలు. 2016 నాటి లాప్‌టాప్‌లో అంత కొత్త ప్రాసెసర్ ఉండదు. మూడో మాట మాత్రం నేను ఒప్పుకోను. తెర, కీబోర్డు, మదర్‌బోర్డు అన్నీ సలక్షణంగా ఉన్న యంత్రాన్ని, ఎక్కడో ఒక కంపెనీ నియమం మార్చినందుకు పాత సామాన్లవాడికి వేయడమంటే నాకు మనసొప్పదు.

మీ వాడకానికి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సరిపోతుంది. ర్యామ్ 4 జీబీయే ఉంటే దాంట్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం తీసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. మింట్ సొంత సైటు నుంచి ఫైలు దించుకుని, రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించాలి. లాప్‌టాప్‌ని ఆ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేస్తే, మీ హార్డ్ డిస్క్ జోలికి పోకుండా మింట్ తెర మీద కనిపిస్తుంది. అప్పుడే ఇన్‌స్టాల్ బటన్ నొక్కకండి. ముందు వైఫై దొరుకుతోందా, యూట్యూబ్‌లో మాట వినిపిస్తోందా, కెమెరా పనిచేస్తోందా, ప్రింటర్ నుంచి ఒక పేజీ వస్తోందా చూసుకోండి. అన్నీ కుదిరాయనిపిస్తే మీ ఫొటోలు, ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాత ఎక్కించుకోండి. పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఇంకా మంచిది. లాప్‌టాప్ నత్తనడకకు చాలాసార్లు అసలు కారణం ఆ హార్డ్ డిస్కే.

ఉత్తరాలకు లిబ్రే ఆఫీస్ అందులోనే ఉంటుంది. వర్డ్ ఫైళ్లు కూడా తెరుస్తుంది, కానీ టేబుళ్లు ఎక్కువున్న ఫైల్లో గీతలు అటూ ఇటూ జరగొచ్చు. అందుకని ఆఫీసులకు పంపేవి పీడీఎఫ్‌గా మార్చి పంపండి. ఈ సలహా మీలాంటి వాడకందార్లకే. ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లు, డిజిటల్ సంతకం డాంగిల్‌తో టెండర్లు వేసేవాళ్లు ఇలా మారితే ఇబ్బంది పడతారు. వాళ్లకు విండోస్ ఉండాల్సిందే.

ప్రశ్న: మాది చిన్న డీటీపీ సెంటర్. ఇరవై ఏళ్లుగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుస్తకాలు, శుభలేఖలు చేస్తున్నాం. ఈమధ్య రచయితలు ఫైలు యూనికోడ్‌లో కావాలని అడుగుతున్నారు. మారితే చేతి వేగం పోతుంది, అక్షరాల అందం పోతుంది. మారక తప్పదా?
— ఒక డీటీపీ ఆపరేటర్, విజయవాడ

జవాబు: మారండి. శుభలేఖల సంగతి తర్వాత చూసుకోవచ్చు, పుస్తకాలు మాత్రం ఇవాళ్టి నుంచే యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

ఎందుకంటే, అను ఫైల్లో మీకు కనిపించే ‘క’ కంప్యూటర్ లెక్కలో ‘క’ కాదు. లోపల ఉన్నది ఏదో ఇంగ్లిష్ అక్షరమో, యూరప్ భాషల్లో వాడే గుర్తో. దాని మీద ‘క’ బొమ్మ తొడిగారు. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో ఫైలు తెరిస్తే తొడుగు ఊడిపోయి, పేజీ నిండా పైన చుక్కలున్న లాటిన్ అక్షరాలు బయటపడతాయి. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది కానీ, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. ఆ పరిస్థితిలో అను లాంటి ఫాంట్ల మీదే తెలుగు ప్రచురణ ఒక తరం పాటు నడిచింది. ఆ మేలు చిన్నది కాదు. కానీ పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తో ఆగిపోయింది. అది నడిచే పాత మెషీన్ ఒకటి మూలపడితే, మీ ఇరవై ఏళ్ల పని తెరవడానికే దారులు వెతుక్కోవాలి.

నాకు ఇంతకంటే ముఖ్యమనిపించే కారణం ఇంకొకటుంది. చూపు లేని పాఠకులు కంప్యూటర్‌లో పుస్తకం చదవడానికి ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రాం వాడతారు. తెర మీదున్నది పైకి చదివి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు, జేమ్స్ టే అతనితో చేతులు కలిపాడు. ఇద్దరికీ చూపు లేదు. డబ్బు పెట్టి కొనలేనివాళ్లకూ అందాలని ఓపెన్ సోర్స్‌గా ఇచ్చారు. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. మీరు యూనికోడ్‌లో కంపోజ్ చేసిన నవలని అది ‘అనగనగా’ అని మొదలుపెట్టి చివరిదాకా వినిపించగలదు. అదే నవల అను ఫైలుగా ఇస్తే, అర్థం పర్థం లేని లాటిన్ అక్షరాలు ఒక్కొక్కటే పలుకుతుంది. మీ చేతుల మీదుగా వెళ్లే ప్రతి పుస్తకం విషయంలో ఈ తేడా ఉంది. దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

చేతి వేగం గురించి బెంగ వద్దు. అనులో మీకు అలవాటైంది ఆపిల్ కీబోర్డు అయితే, అదే వరసతో యూనికోడ్ కొట్టొచ్చు. లినక్స్‌లో టైపింగుకు వాడే ఐబస్‌కి ఎమ్17ఎన్ ప్యాకేజీ జోడిస్తే తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్ పక్కనే ఆపిల్ కూడా కనిపిస్తుంది. విండోస్‌కీ అలాంటివి ఉన్నాయి. ఫాంట్లకొస్తే మండలి, ఎన్టీఆర్, రామభద్ర, సూరన్న, గిడుగు, ధూర్జటి, పెద్దన, తిమ్మన అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి. పుస్తకంలో వేసుకున్నా, ఫ్లెక్సీ మీద వేసుకున్నా ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. శీర్షికల్లో అను సొగసు ఇంకా వీటికి పూర్తిగా రాలేదన్నది నేనూ ఒప్పుకుంటాను. లోపలి పేజీల్లో చదవడానికి మాత్రం మండలి నాకు హాయిగా ఉంటుంది.

పేజీ కట్టడానికి స్క్రైబస్ 1.6 చూడండి. 2024లో వచ్చిన ఈ వెర్షన్‌లో తెలుగు వత్తులు, గుణింతాలు కుదురుగా పడతాయి. బొమ్మల్లేని కథల పుస్తకానికైతే లిబ్రే ఆఫీస్ రైటరే చాలు. పాత ఫైళ్లను కన్వర్టర్లతో మార్చుకోవచ్చు. మార్చాక క్ష, జ్ఞ, అరసున్న, ర వత్తు, ఒకదాని కింద ఒకటి రెండు వత్తులొచ్చే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు తప్పనిసరిగా ప్రూఫు చూడండి. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

ప్రశ్న: ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ కనిపిస్తుందట. మరి దొంగలకూ కనిపిస్తుంది కదా? పైగా ఊరికే ఇచ్చేవాళ్లు ఇంకో రకంగా రాబట్టుకోకుండా ఉంటారా?
— ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: రెండూ అడగాల్సిన ప్రశ్నలే అమ్మా. మొదటిదానికి 2024 మార్చిలో జరిగిన సంగతి చెబుతాను. ఎక్స్‌జెడ్ అని, ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాం ఉంది. లినక్స్ నడిచే చోటల్లా దాదాపుగా ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి జీతం లేకుండా చూసుకుంటున్నది ఒకే ఒక్క మనిషి, లాస్సె కాలిన్. ఆయన అలసిపోయిన సమయం చూసి జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయానికి వచ్చారు. రెండేళ్లు బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొడ్డిదారి పెట్టారు. అది పట్టుబడకపోయి ఉంటే లెక్కలేనన్ని సర్వర్లలోకి తాళం చెవి దొంగల చేతిలో ఉండేది.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు. రిమోట్ మెషీన్‌లోకి లాగిన్ అవడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఆ అర సెకను ఎక్కడికి పోతోందో తవ్వుకుంటూ వెళ్లి గుట్టు విప్పాడు. మన దాకా వచ్చే మామూలు లినక్స్ విడుదలల్లోకి చేరకముందే ఆపగలిగారు. అతను పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో. ఎక్స్‌జెడ్‌కీ ఆ కంపెనీకీ సంబంధం లేదు, అయినా కోడ్ బయట ఉంది కాబట్టి చూడగలిగాడు. కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన భద్రత వచ్చేయదు. చూసే కళ్లు ఉండాలి, ఆ చూసేవాళ్లకు తిండి గడవాలి. లాభాలు గడించే కంపెనీలు ఇలాంటి ఒంటరి మనుషులకు జీతం ఇవ్వకుండా వాళ్ల పని వాడుకోవడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఇక డబ్బు సంగతి. లినక్స్ కెర్నెల్‌లో ఎక్కువ భాగం రాసేది ఇంటెల్, రెడ్ హ్యాట్, గూగుల్ లాంటి కంపెనీల ఉద్యోగులే. వాళ్ల వ్యాపారాలకు అది కావాలి. ఫైర్‌ఫాక్స్ ఆదాయంలో సింహభాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచి వస్తుంది. 1996లో పారిస్ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన వీఎల్‌సీ ప్రకటనలు లేకుండానే ఇన్నేళ్లు నిలబడింది. కాబట్టి ఓపెన్ సోర్స్ అనే పేరు చూసి గుడ్డిగా నమ్మొద్దు, ఉచితమని అనుమానించనూ వద్దు. ఎవరు చేస్తున్నారు, వాళ్లకు డబ్బు ఎక్కడిది అన్నవి చూడండి.

ప్రశ్న: ఎడిటింగ్‌కి క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వాడితే తప్పేంటి? మా హాస్టల్లో అందరూ వాడుతున్నారు.
— బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: క్రాక్ ఎక్కించేముందు యాంటీవైరస్ ఆపమంటాడు చూడండి, పాస్‌వర్డులు దోచే ప్రోగ్రాం లోపలికి వచ్చేది అప్పుడే. క్రాక్ బదులు బొమ్మలకు ఉచితంగా దొరికే జింప్, క్రిటా, ఇంక్‌స్కేప్ ఉన్నాయి. యానిమేషన్‌కి బ్లెండర్. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా ‘ఫ్లో’ బ్లెండర్‌లోనే తీశారు. పనిముట్టుకు ఖరీదు కట్టలేకపోవడం ఇక అడ్డంకి కాదు.

ప్రశ్న: వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అంటూ ఏపీకే ఫైలు వచ్చింది. నొక్కలేదు. బయటి యాప్‌లను గూగుల్ పూర్తిగా ఆపేస్తే పీడా పోతుంది కదా?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: నొక్కకపోవడం మంచిదైంది. చలానా, పీఎం కిసాన్, పెళ్లి పత్రిక, ఏ పేరుతో వచ్చినా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఎక్కించే ఫైలు, తెరవొద్దు. ఎవరైనా తెరిచేసి ఉంటే వెంటనే ఫోన్‌లో నెట్ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పాలి.

మీరు కోరుకున్నదానికి దగ్గరగానే గూగుల్ 2025 ఆగస్టులో ఒక ప్రకటన చేసింది. యాప్ ఎవరు చేసినా, ఎక్కడి నుంచి దించుకున్నా, చేసినవాళ్లు తమ వివరాలు గూగుల్ దగ్గర నమోదు చేసుకోవాలన్నది దాని సారం. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి తర్వాత మిగతా దేశాలకు విస్తరిస్తామంది. ఓపెన్ సోర్స్ యాప్‌లు మాత్రమే ఉంచే యాప్ స్టోర్ ఎఫ్-డ్రాయిడ్ దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. తర్వాత నవంబర్‌లో, అనుభవం ఉన్నవాళ్లు హెచ్చరికలు దాటి ఎక్కించుకునే దారి ఉంచుతామని గూగుల్ కొంచెం తగ్గింది. నా మట్టుకు నేను ఎఫ్-డ్రాయిడ్ పక్షమే. మోసాలు ఆపాలి, నిజమే. కానీ నేను కొన్న ఫోన్‌లో ఏ యాప్ ఉండాలో తేల్చే ఆఖరి మాట ఒకే కంపెనీ చేతిలో ఉండకూడదు.

ప్రశ్న: నాకు కోడింగ్ రాదు. తెలుగు ఎం.ఏ. చదివాను. ఓపెన్ సోర్స్‌కి నావల్ల ఏమైనా అవుతుందా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీలాంటివాళ్లే కరవయ్యారు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’తో కూడిన ఒక మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కోడ్ ఆపిల్ దగ్గరే ఉంది కాబట్టి, వాళ్లు 11.2.6 అప్‌డేట్ ఇచ్చేదాకా తెలుగువాళ్లం ఎదురుచూడటమే అయింది. ఓపెన్ సోర్స్‌లో అలా కాదు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ అన్నిట్లోనూ తెలుగు వత్తుల్ని చోటు చూసి పేర్చేది హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్. దాని తప్పుల పట్టీ బయటే ఉంటుంది, ఎవరైనా రాయొచ్చు. అక్కడ ఒక వత్తు సరిచేస్తే క్రమంగా అన్నిచోట్లా సరవుతుంది. ఫలానా వత్తు ఫలానా చోట పడాలని ఖాయంగా చెప్పగలిగే చదువు మీకుంది.

ఎక్కడైనా అక్షరం విరిగి కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీయండి. ఆ మాటను బొమ్మగానే కాకుండా టైపు చేసి కూడా ఇవ్వండి. ఎలా ఉండాలో చేత్తో రాసి ఫొటో జత చేయండి, ఫాంట్ పేరు, ప్రోగ్రాం వెర్షన్ రాయండి. ఇంగ్లిష్ మామూలుగా ఉన్నా ఫర్వాలేదు. తీరిక ఉంటే తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పేజీలు ప్రూఫు చూడొచ్చు. స్కాన్ బొమ్మ ఒక పక్క, అక్షరాలు ఒక పక్క ఉంటాయి. రోజుకు ఒక్క పేజీతో మొదలుపెట్టండి.