ఇంట్లో వెల్డింగ్ పెట్టుకుంటున్నారా? కొనేముందు ఈ 40 చిట్కాలు చూడండి

గేటు గొళ్లెం ఊడినా, ఇనప మంచం కోడు విరిగినా, కుండీలకు స్టాండు కావాలన్నా వెల్డింగ్ షాపు చుట్టూ తిరగడం, సామాను ఆటోలో వేసుకెళ్లి తెచ్చుకోవడం మనకు అలవాటైపోయింది. ఇప్పుడు ఒంటిచేత్తో ఎత్తగలిగే మిషన్లు వచ్చాయి కాబట్టి చిన్నాచితకా పనులు పెరట్లోనే చేసుకోవచ్చు. కానీ కొట్లో చూపించినవన్నీ బుట్టలో వేసుకోకండి. ముందు కళ్లకు, కరెంటు లైనుకు ఖర్చుపెట్టండి, ఆ తర్వాతే మిషన్‌కు. మిగతావి పని పడినప్పుడు కొనుక్కోవచ్చు. ఇవన్నీ నేను వాడి చూశాకే చెబుతున్నాను.

కొట్టుకు వెళ్లేముందు

1. ఇంట్లో ఏయే పనులున్నాయో కాగితం మీద రాసుకోండి: గేటు, గ్రిల్లు, కుండీల స్టాండు, మొక్కల పందిరి. ఇవన్నీ 5 మిల్లీమీటర్ల లోపు ఇనుమే కాబట్టి చిన్న మిషన్ చాలు, పెద్దదాని మీద డబ్బు ఇరికించుకోనక్కర్లేదు.

2. మొదటిసారికి రాడ్డుతో చేసే ఆర్క్ వెల్డింగే తీసుకోండి. మిగ్, టిగ్ రకాలకు మామూలుగా గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్ కావాలి, అయిపోయినప్పుడల్లా నింపించాలి. రాడ్డుకు ఆ బాదరబందీ లేదు, ఆరుబయట గాలిలోనూ పని సాగుతుంది.

3. ఆక్సిజన్, ఎసిటిలీన్ సిలిండర్లతో చేసే గ్యాస్ వెల్డింగ్ మాత్రం ఇంటికి తేవద్దు. అది నేర్చిన పనివాళ్లు షాపులో చేయాల్సిన పని.

4. చేతిలో ఉన్న డబ్బులో సగమే మిషన్‌కు పెట్టండి. మిగతా సగం గ్లాసు, గ్లౌజులు, గ్రైండర్, వైరింగ్ తినేస్తాయి, ముందే లెక్క వేసుకుంటే మధ్యలో చేతులెత్తేయక్కర్లేదు.

5. హైదరాబాద్ వాళ్లయితే సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ వాళ్లయితే ఆటోనగర్ ఒకసారి తిరిగి రండి. కొట్లన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బేరం కుదురుతుంది, రిపేరు ఎక్కడ చేస్తారో కూడా తెలుస్తుంది.

కరెంటు సంగతి

6. చిన్న 5 ఆంప్స్ ప్లగ్గులో వెల్డింగ్ మిషన్ ఎప్పుడూ పెట్టొద్దు. సన్న రాడ్డు కాల్చాలన్నా 16 ఆంప్స్ పవర్ ప్లగ్గు ఉండాల్సిందే, లేకపోతే ప్లగ్గు కరిగి గోడ నల్లబడుతుంది.

7. లావు రాడ్డు కూడా కాల్చాలనుకుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ బోర్డు నుంచి 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో విడిగా లైను లాగించండి. దానికి 32 ఆంప్స్ ఎంసీబీ, పెద్ద సాకెట్ పెట్టించుకుంటే ఇంట్లో ఫ్రిజ్‌కు, మోటారుకు ఇబ్బంది రాదు.

8. కరెంటు బిల్లు మీద మీ లోడు ఎన్ని కిలోవాట్లో చూసుకోండి. సన్న రాడ్డు కాలుతున్నప్పుడే మిషన్ రెండు కిలోవాట్ల పైన లాగుతుంది, కాబట్టి ఆ సమయంలో గీజరు, ఏసీ ఆపేయండి.

9. ఇంటి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ముందే చూపించుకోండి, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోండి. లైనులో లీకేజీ వచ్చిన క్షణంలోనే కరెంటు తెగిపోతుంది, ఆ ధైర్యం ఏ ధరకూ దొరకదు.

10. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కావాలంటే లావు రాగి వైరుది, వీలైనంత పొట్టిది కొనండి. వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పేయాలి, చుట్టి ఉంచితే లోపల వేడెక్కి వైరు కరుగుతుంది.

11. బిల్లు ఎక్కువొస్తుందని భయపడకండి. సన్న రాడ్డుతో గంటసేపు ఆగకుండా కాల్చినా రెండు, రెండున్నర యూనిట్లే, మనం కాల్చేది అందులో పావు వంతు కూడా ఉండదు.

మిషన్ ఎంపిక

12. సింగిల్ ఫేజ్ మీద నడిచే 200 ఆంప్స్ ఇన్వర్టర్ ఆర్క్ మిషన్ అడగండి. నాలుగైదు కిలోలే ఉంటుంది, మేడ మీదికైనా భుజాన వేసుకుని వెళ్లొచ్చు. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్లు ఇద్దరు పట్టినా కదలవు, కరెంటూ ఎక్కువ తాగుతాయి.

13. పెట్టె మీద రాసిన పెద్ద అంకెను చూసి మురిసిపోకండి, మిషన్‌కు ఉన్న ప్లేటు మీద డ్యూటీ సైకిల్ చదవండి. 200 ఆంప్స్ దగ్గర 60 శాతం అని ఉంటే, అంత కరెంటు మీద పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆపాలి.

14. ఆ లెక్క మామూలుగా 40 డిగ్రీల వేడికి వేసింది. రామగుండం, రెంటచింతల వైపు వేసవి ఆ గీత దాటేస్తుంది కాబట్టి పొద్దున్నే పని ముగించుకుంటే మిషన్ మన్నుతుంది, మనమూ అలసిపోం.

15. హాట్ స్టార్ట్, యాంటీ స్టిక్ రెండూ ఉన్న మిషనే తీసుకోండి. రాడ్డు సులువుగా అంటుకుంటుంది, ఇనుముకు అతుక్కుపోయినా మిషన్ తనే కరెంటు తగ్గించేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు సగం విసుగు తప్పుతుంది.

16. లో వోల్టేజీ ఉన్న ఊళ్లో ఉంటే, ఎంత వోల్టేజీ దాకా పనిచేస్తుందో కొట్లోనే అడిగి, అది ప్లేటు మీద ఉందో లేదో చూడండి. నోటిమాట నమ్మితే సాయంత్రం పూట మిషన్ మొరాయిస్తుంది.

17. డబ్బులిచ్చేముందు కొట్లోనే ఒక రాడ్డు కాల్చి చూపించమనండి. ఫ్యాను తిరుగుతోందా, ఆంప్స్ నాబు తిప్పితే మంట మారుతోందా చూసి, బిల్లు, వారంటీ కార్డు మీద ముద్ర వేయించుకోండి.

18. మిషన్‌తో ఇచ్చే వైర్లు చాలాసార్లు సన్నగా, పొట్టిగా ఉంటాయి, కొన్నిట్లో లోపల అల్యూమినియమే. చివర కాస్త గీకి చూసి, రాగి కాకపోతే 25 స్క్వేర్ ఎంఎం రాగి వెల్డింగ్ కేబుల్ మీటర్ల లెక్కన విడిగా కొనుక్కోండి, వైరు వేడెక్కదు.

19. ఎర్త్ క్లాంపు గట్టి స్ప్రింగుది తీసుకోండి, పట్టే చోట రంగు, తుప్పు గీకి, అతుకుకు దగ్గరగా తగిలించండి. మంట నిలకడగా ఉండాలంటే సగం కిటుకు ఇక్కడే ఉంది.

రాడ్లు

20. మొదట 6013 రకం, 2.5 ఎంఎం రాడ్లు కొనండి. సులువుగా అంటుకుంటుంది, పైన గట్టిపడే పెంకు తేలిగ్గా ఊడిపోతుంది, ఇంటి పనుల్లో చాలావరకు దీంతోనే అయిపోతాయి.

21. ప్యాకెట్ మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 814 అన్న అంకె చూడండి. ఎన్ని ఆంప్స్ పెట్టాలో కూడా అక్కడే రాసి ఉంటుంది. 2.5 ఎంఎం రాడ్డుకు 60 నుంచి 90, 3.15 ఎంఎం రాడ్డుకు 90 నుంచి 130 మధ్య తిప్పి చూసుకోండి.

22. 7018 రాడ్డు గట్టిదని ఎవరైనా చెప్పినా ఇప్పుడే కొనకండి. దాన్ని ఓవెన్‌లో బాగా వేడిచేసి ఆరబెట్టి వాడాలి, ఇంట్లో ఆ ఏర్పాటు లేకపోతే డబ్బు దండగ.

23. ఒక్కసారే పెద్ద పెట్టె కొనకుండా ఒక్కో ప్యాకెట్ తెచ్చుకోండి. వానాకాలంలో తేమ పట్టిన రాడ్డు చిటపటలాడుతుంది, అతుకులో బుడగలొస్తాయి.

24. విప్పిన ప్యాకెట్‌ను బిగుతు మూత ఉన్న పొడుగు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. కొత్త చెప్పుల పెట్టెల్లో, బ్యాగుల్లో వచ్చే ఆ పొట్లాలు పారేయకుండా దాస్తే ఇది పైసా ఖర్చు లేని పని.

25. రాడ్డును రెండు అంగుళాల ముక్క మిగిలేదాకా కాల్చండి. సగంలో పారేస్తే ప్యాకెట్‌లో సగం చెత్తబుట్టకే వెళ్తుంది.

కళ్లు, చేతులు, ఒళ్లు

26. చేత్తో పట్టుకునే పలక కన్నా తలకు పెట్టుకునే ఆటో డార్క్ హెల్మెట్ కొనండి. మంట రాగానే తనే నల్లబడుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఎండ వైపు తిప్పితే నల్లబడాలి, కొట్లోనే చూసి తీసుకోండి.

27. మామూలు నల్ల గ్లాసైతే 10 లేదా 11 నంబరు అడగండి. కూలింగ్ గ్లాసులు, ఎక్స్‌రే ఫిల్ములు అడ్డం పెట్టుకుని చేయడం కళ్లను చేజేతులా పోగొట్టుకోవడమే.

28. నల్ల గ్లాసు ముందు పెట్టే తెల్ల గ్లాసులు నాలుగైదు అదనంగా తెచ్చుకోండి. నిప్పురవ్వలు పడి పాడయ్యేది అదే, కొన్ని రూపాయలతో అసలు గ్లాసు దక్కుతుంది.

29. మంట చూసిన రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మండితే నలపకండి, పాలు, బంగాళదుంప ముక్కలు కళ్లకు పెట్టొద్దు. గ్లాసు పెట్టుకుని చేస్తే ఈ బాధే రాదు, వస్తే నేరుగా కంటి డాక్టరు దగ్గరికే వెళ్లండి.

30. మోచేతి దాకా వచ్చే తోలు గ్లౌజులు, తోలు ఏప్రన్ కొనండి. రబ్బరు, నైలాన్ గ్లౌజులు రవ్వ పడగానే కరిగి చర్మానికి అంటుకుంటాయి.

31. చీర కట్టుకుని, చున్నీ వేసుకుని ఈ పనికి దిగొద్దు. మందపాటి నూలు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, నూలు ప్యాంటు, తోలు బూట్లు వేసుకుని జడ ముడేసుకోండి, జేబులో లైటర్ ఉంటే తీసేయండి.

32. ఈ పొగకు గుడ్డ మాస్కు ఆగదు, ఎన్95 రకం పెట్టుకుని, గాలి ఆడే చోటే కూర్చోండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఈ మిషన్ దగ్గరికి రావొద్దు.

కోత, కొలత, ఇనుము

33. నాలుగు అంగుళాల గ్రైండర్ ఒకటి కొంటే చాలు, కోయడానికి ఒక చక్రం, అరగదీయడానికి ఇంకో చక్రం మారుస్తూ వాడొచ్చు. సన్న కటింగ్ చక్రంతో అరగదీయకండి, పక్కకు వంగి పగిలిపోతుంది.

34. చక్రం మధ్య రింగు మీద గడువు తేదీ ఉంటుంది, చూసి కొనండి. దాని మీద రాసిన ఆర్పీఎం మీ గ్రైండర్ ఆర్పీఎం కన్నా ఎక్కువ ఉండాలి. గ్రైండర్ గార్డు ఎప్పుడూ విప్పొద్దు, కళ్లకు అద్దాలు మరవొద్దు.

35. చిప్పింగ్ సుత్తి, తీగ బ్రష్షు, మూలమట్టం, టేపు, సుద్దముక్క, రెండు సీ క్లాంపులు, 90 డిగ్రీల మాగ్నెట్ ఒకటి: మొదటి రోజుకు ఇవే సరిపడా సామాను. పట్టుకోవడానికి ఇంకో మనిషి కోసం చూడనక్కర్లేదు.

36. చేయి తిరిగేదాకా కొత్త ఇనుము కొనకండి, పాత ఇనప సామాన్ల కొట్లో 3 నుంచి 5 ఎంఎం మందం పట్టీ, యాంగ్లర్ ముక్కలు కిలోల లెక్కన తెచ్చుకోండి. పల్చటి పైపుతో మొదలుపెడితే బొక్కలు పడి మనసు విరిగిపోతుంది.

37. ఇనుము కొనేటప్పుడు తూకం మీరే లెక్కేసుకోండి. 25 ఎంఎం వెడల్పు, 5 ఎంఎం మందం పట్టీ మీటరు దాదాపు కిలో, అంగుళం 16 గేజి స్క్వేర్ పైపు 20 అడుగులది సుమారు 7 కిలోలు. బాగా తేలిగ్గా తూగితే గేజి తగ్గించి ఇస్తున్నారని అర్థం.

38. పల్చటి పైపు అతికేటప్పుడు హోల్డర్ వైరును మైనస్‌కు, ఎర్త్ క్లాంపును ప్లస్‌కు పెట్టి, ఆంప్స్ తగ్గించి, చుక్కలు చుక్కలుగా కాల్చండి. వేడి లోపలికి తక్కువ దిగుతుంది, పైపుకు చిల్లు పడదు.

39. జీఐ పైపు చవగ్గా దొరికినా మొదట ముట్టుకోకండి. పైన ఉన్న జింకు కాలి వచ్చే తెల్ల పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం తగులుతుంది. తప్పనిసరైతే అతుకు చుట్టూ పూత పూర్తిగా గీకి, ఆరుబయటే చేయండి. నూనె డ్రమ్ములు, పెట్రోలు ట్యాంకులు ఖాళీవైనా సరే మంట దగ్గరికి తేవద్దు, లోపలి ఆవిరికే పేలిపోతాయి.

పని చేసే చోటు

40. పెరట్లో పొడి నేల చూసుకుని, చుట్టూ 35 అడుగుల్లో గడ్డి, గోనెలు, గ్యాస్ బండ, రంగు డబ్బాలు, థిన్నర్ లేకుండా తీసేయండి. కాళ్ల కింద పొడి చెక్క, పక్కన బకెట్టు ఇసుక, పిల్లలకూ పక్కింటివాళ్లకూ మంట కనపడకుండా రేకు అడ్డం పెట్టి, పని ముగిశాక గంటసేపు అక్కడే కనిపెట్టుకుని ఉండండి. రవ్వ ఎక్కడో దాగి తర్వాత రాజుకుంటుంది.

ఇంకొక్క మాట. ఐటీఐల్లో వెల్డర్ కోర్సు ఏడాది పాటు నేర్పుతారు, అంటే ఈ పనికి అంత ఓపిక కావాలి. మీ ఊళ్లో చేయి తిరిగిన వెల్డర్ ఉంటే నాలుగు ఆదివారాలు పక్కన కూర్చుని, నల్ల గ్లాసులోంచి చూసి నేర్చుకోండి. మెట్ల రెయిలింగు, నీళ్ల ట్యాంకు స్టాండు, ఉయ్యాల కొక్కెం లాంటి మనుషుల బరువు, ప్రాణం ఆధారపడే అతుకులు మాత్రం వాళ్లకే అప్పజెప్పండి. కుండీల స్టాండు, చెప్పుల స్టాండు, గేటు గొళ్లెం మీరు చేసుకోండి, రెండు మూడు పనులకే ఆటో ఖర్చు, షాపు కూలి ఎంత మిగిలిందో మీకే తెలుస్తుంది.