మళ్లీ ఓనమాలు

ప్రవేశిక

మాతృభాషను మనం ఎప్పుడు నేర్చుకొన్నామో మనకే గుర్తుండదు. పెద్దయ్యాక మరొక భాష నేర్చుకోవాలంటే మాత్రం ప్రతి మాటా గుర్తుంటుంది, ప్రతి తప్పూ గుర్తుంటుంది. దేశం కాని దేశం వచ్చి మన సీమ భాషలు నేర్చుకొన్న కొందరు యువకుల తొలినాళ్లను గురించి ఈ పాఠంలో తెలుసుకొందాం.

పాఠం

బళ్లారి జిల్లాలో ఎమ్మిగనూరు అనే ఊరుంది. కర్నూలు జిల్లాలో కూడా ఇదే పేరుగల పట్టణం ఉంది. అది చేనేతకు ప్రసిద్ధి. మనం చెప్పుకొనేది బళ్లారి జిల్లాలోని ఊరును గురించి. కన్నడంలో 'ఎమ్మె' అంటే గేదె. ఆ మాట ఈ ఊరి పేరులో వినిపిస్తుంది. ఇటువంటి సరిహద్దు సీమలో ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష వినబడడం మామూలే.

తెలుగింటి పిల్లవాడొకడు మొదటిసారి కన్నడం మాట్లాడే ఇంటికి వెళ్లాడనుకోండి. ఆ ఇంటి అవ్వ కోడలితో "అన్న మాడు" అంటుంది. అన్నం మాడిపోతున్నదేమోనని పిల్లవాడు గబాలున పొయ్యి వైపు చూస్తాడు. పొయ్యి మీద ఏమీ ఉండదు. కన్నడంలో 'మాడు' అంటే 'చేయి' అని అర్థం. అన్నం వండమని అవ్వ చెప్పింది. సంగతి తెలిసి ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఆ నవ్వుకు సిగ్గుపడి పిల్లవాడు ఆ గడప తొక్కడం మానేస్తే అతనికి కన్నడం రాదు. తానూ వాళ్లతోపాటు నవ్వి మరునాడు మళ్లీ వెళ్తే వస్తుంది.

ఇరుగుపొరుగు భాష నేర్చుకొనే పిల్లవానికే ఇంత తికమక ఉంటే, సముద్రాలు దాటి వచ్చినవానికి ఎంత ఉంటుంది?

1795లో ఇంగ్లాండులో లండన్ మిషనరీ సొసైటీ అనే క్రైస్తవ సంఘం ఏర్పడింది. దూరదేశాలలో మతప్రచారం చేయడానికి యువకులను పంపడం దాని పని. అలా పంపవలసిన యువకులకు గోస్పోర్టు అనే ఓడరేవు పట్టణంలో డేవిడ్ బోగ్ అనే బోధకుడు శిక్షణ ఇచ్చేవాడు. కాని ఆ శిక్షణ ఎంత పొందినా, వెళ్లే చోటి భాషను ఆ చోటనే, ఆ ప్రజల నోటనే నేర్చుకోవాలి.

ఈ సంఘం వారే 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనే ఇద్దరిని విశాఖపట్నం పంపారు. వారు తెలుగు నేర్చుకోవడానికి పూనుకొన్నారు. ఆనందరాయరు అనే ఆయన వారికి తోడ్పడ్డాడు. బైబిలులోని భాగాలను తెలుగు చేయడం మొదలయింది. ఇంతలో 1809లో క్రాన్ మరణించాడు. మరుసటి సంవత్సరం, 1810లో డెస్‌గ్రాంజెస్ కూడా కన్నుమూశాడు. వారు మొదలుపెట్టిన తెలుగు సువార్తలు 1812లో అచ్చయ్యాయి. ఆ అచ్చుపుస్తకాన్ని చేతిలోకి తీసుకొని చూసుకొనే భాగ్యం ఆ ఇద్దరిలో ఒక్కరికీ కలగలేదు.

డెస్‌గ్రాంజెస్ మరణించిన ఆ 1810లోనే జాన్ హ్యాండ్స్ అనే మరొక యువకుడు బళ్లారికి వచ్చాడు. అప్పటికి అతనికి దాదాపు ముప్పై ఏళ్లు. ఆ కాలంలో బళ్లారి సీమ ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో ఉండేది. 1800లో నిజాము ఈ సీమను కంపెనీకి దత్తం చేశాడు. 1808లో ఈ దత్తమండలాలను బళ్లారి, కడప అని రెండు జిల్లాలుగా విభజించారు. మిషనరీలు తన రాజ్యంలోకి రావడం కంపెనీకి అంతగా ఇష్టం లేదు. 1813లో చట్టం మారేవరకు వారికి అనుమతి దొరకడం కష్టంగానే ఉండేది.

హ్యాండ్స్ నేర్చుకోవలసిన భాష కన్నడం. చేతిలో పుస్తకం పట్టుకొని చదువుకొందామంటే కన్నడానికి అప్పటికి అచ్చయిన వ్యాకరణం లేదు, అచ్చయిన నిఘంటువూ లేదు. విలియం కేరీ రాసిన కన్నడ వ్యాకరణం సీరాంపూరులో అచ్చయింది 1817లో. అంటే హ్యాండ్స్ బళ్లారి చేరిన ఏడేళ్లకు. ఆ రోజులలో భాష నేర్చుకొనే దొరలు మున్షీలను పెట్టుకొనేవారు. మున్షీ చెప్పిన మాటను విని పలకాలి. అర్థం అడిగి రాసుకోవాలి. ఇలా మాటలు పోగుచేసుకొంటూ హ్యాండ్స్ తన అవసరం కోసం పదాల పట్టికను, వ్యాకరణాన్ని తానే తయారుచేసుకొన్నాడు. అచ్చుపుస్తకం లేని చోట, మాట్లాడే మనుషులే అతనికి పుస్తకమయ్యారు.

ఇంగ్లీషువానికి మన భాషలలో ఏమి కష్టం అని మీకు తోచవచ్చు. కొన్ని చూద్దాం. 'ల'కూ 'ళ'కూ తేడా అతని చెవికి తెలియదు. 'ఇంట్లో' అనడానికి ఇంగ్లీషువాడు 'లో' అనే అర్థం వచ్చే మాటను ముందు చెప్పి, తరువాత ఇల్లు అంటాడు. మనం ఇల్లు ముందు చెప్పి 'లో' తరువాత చేరుస్తాం. కన్నడిగులు కూడా అంతే. 'మనె' అంటే ఇల్లు, 'మనెయల్లి' అంటే ఇంట్లో. కన్నడంలో 'హత్తు' అంటే పది. 'హత్తు' అంటే ఎక్కు అని కూడా అర్థం. ఏది ఎక్కడో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

అన్నింటికంటె పెద్ద చిక్కు మర్యాదది. ఇంగ్లీషులో రాజునైనా, పసివానినైనా ఒకే మాటతో పిలువవచ్చు. మనకు 'నీవు', 'మీరు' అని రెండున్నాయి. కన్నడంలో 'నీను', 'నీవు' అని రెండున్నాయి. ఇక్కడ తెలుగు పిల్లలు జాగ్రత్తపడాలి. కన్నడంలో 'నీను' అంటే మన 'నీవు'. కన్నడ 'నీవు' అంటే మన 'మీరు'. కన్నడ పెద్దమనిషి మీ తాతగారిని "నీవు" అంటే అది అగౌరవం కాదు, గౌరవమే. ఈ సంగతి తెలియనివాడు అనవసరంగా నొచ్చుకొంటాడు. భాష తెలియకపోతే మర్యాద కూడా తిట్టులా వినిపిస్తుంది.

తెలుగువారికి ఇటువంటి చిక్కులు కొన్నే. సులువులు ఎక్కువ. పాలు - హాలు, పులి - హులి, పూవు - హూవు, పంది - హంది. పాత కన్నడంలో ఈ మాటలు 'ప'తోనే మొదలయ్యేవి. కాలక్రమాన 'ప' కాస్తా 'హ' అయింది. రెండు లిపులకూ మూలం ఒకటే. ఈ భాషలు ఒక కుటుంబానివని ఎల్లిస్ అనే పండితుడు 1816లోనే నిరూపించాడు. ఆ వ్యాసం ఎ.డి. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి పీఠికగా వచ్చింది.

ఈ క్యాంప్‌బెల్ తరువాత బళ్లారికి కలెక్టరుగా వచ్చాడు. 1823లో జిల్లాలోని బడుల లెక్క తీయించాడు. మొత్తం 533 బడులు. వాటిలో కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226. మరాఠీ, పారసీ, తమిళం నేర్పేవి కూడా ఉన్నాయి. ఇంగ్లీషు నేర్పే బడి ఒక్కటే. తెలుగు, కన్నడం ఈ గడ్డమీద ఎంత సరిసమానంగా పెరిగాయో ఈ లెక్కే చెబుతుంది. ఆ బడులలో పిల్లలు ఇసుకలో వేలితో దిద్ది అక్షరాలు నేర్చుకొనేవారు. ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పేవారు. ఆ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకొన్నాడు. కాని ఆ లెక్కలో విచారించవలసిన సంగతి కూడా ఉంది. తొమ్మిది లక్షలకు పైబడిన జనంలో బడిలో ఉన్న పిల్లలు 6,641 మంది మాత్రమే.

హ్యాండ్స్ కృషి ఏమైంది? అతడు బళ్లారిలో పాఠశాలలు నడిపాడు. తోటివారితో కలిసి బైబిలును కన్నడంలోకి అనువదించాడు. పూర్తి బైబిలు వెలువడింది 1831లో. అంటే బళ్లారి చేరిన ఇరవైయొక్క ఏళ్లకు. అతని తోటి మిషనరీ విలియం రీవ్ 1824లో ఇంగ్లీషు - కన్నడ నిఘంటువును, 1832లో కన్నడ - ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించాడు. వారు వచ్చింది మతప్రచారానికి. అయినా ఆ నిఘంటువులు ఏ మతంవారికైనా పనికివచ్చాయి. దొరల పేర్లు పుస్తకాల మీద నిలిచాయి. మాటమాటకూ అర్థం చెప్పిన మున్షీలను, అంగట్లో, వీధిలో పలుకు దిద్దిన సామాన్యులను కూడా మనం తలచుకోవాలి. వారు చెప్పకపోతే ఆ పుస్తకాలు లేవు.

విద్యార్థులారా! 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు గీత మారింది గాని ఇళ్లలోని మాటలు మారలేదు. హ్యాండ్స్ ఏళ్ల తరబడి శ్రమపడి పొందినదానిలో సగం మీకు పుట్టుకతోనే వచ్చింది. మిగతా సగం మీ వీధిలోనే ఉంది. ఇంటి తెలుగును విడువకండి, ఊరి కన్నడానికి వెరవకండి. తప్పు పలికినప్పుడు ఎవరైనా నవ్వితే మీరూ నవ్వి, సరైన మాట అడిగి తెలుసుకోండి. మీ తెలుగు మాట ఎవరైనా తప్పు పలికితే నవ్వి ఊరుకోక, ఓపికగా దిద్దండి. ఆ క్షణాన మీరే వారి మున్షీ.

పదాలు - అర్థాలు

మున్షీ = భాష నేర్పే పండితుడు
దత్తం చేయు = అప్పగించు, ఇచ్చివేయు
ఏలుబడి = పరిపాలన
సువార్త = బైబిలులో ఒక భాగం
పీఠిక = ముందుమాట
వెరచు = భయపడు

అభ్యాసం

1. తెలుగు సువార్తల అచ్చును క్రాన్, డెస్‌గ్రాంజెస్ ఎందుకు చూడలేకపోయారు?
2. బళ్లారి చేరిన కొత్తలో హ్యాండ్స్‌కు కన్నడం నేర్చుకోవడం ఎందుకు కష్టమయింది? ఆ కష్టాన్ని అతడు ఎలా దాటాడు?
3. 1823 నాటి బడుల లెక్క వలన మనకు తెలిసే విషయాలు రెండు రాయండి.
4. "భాష తెలియకపోతే మర్యాద కూడా తిట్టులా వినిపిస్తుంది." ఈ వాక్యాన్ని ఉదాహరణతో వివరించండి.
5. తెలుగులో 'ప'తో, కన్నడంలో 'హ'తో మొదలయ్యే మాటలు పాఠంలో లేనివి మూడు మీ ఊరివారిని అడిగి రాయండి.