దిగడం చూసి కొనండి, చెల్లెళ్లూ!

సియాటిల్ చుట్టుపక్కల మన ఆడపిల్లల్లో గాలం పట్టేవాళ్లు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. నాకెంత సంతోషమో చెప్పలేను. ఏప్రిల్ నాలుగో శనివారం వచ్చిందంటే వాషింగ్టన్ రాష్ట్రంలో పల్లపు ప్రాంతాల చెరువులు చాలావాటిలో ట్రౌట్ వేట మొదలవుతుంది. ఆ రోజు ఒడ్డున నిలబడదామంటే చోటు దొరకదు. పోనీ పడవ కొందామంటే అపార్ట్‌మెంట్లో ఎక్కడ పెడతాం? అందుకే అందరి కళ్లూ ఫ్లోట్ ట్యూబు మీద పడుతున్నాయి. "అక్కా, ఏది కొనమంటావు?" అని అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసిందంతా ఇవాళ మీ ముందు పెడతాను.

ఇంతవరకూ చూడనివాళ్లకు ఒక్క మాట. గాలి ఊదిన ఆసనంలో కూర్చుంటే కాళ్లు నీళ్లలోకి వేలాడతాయి. పాదాలకు ఫిన్స్ తొడుక్కుని కాళ్లాడిస్తే ట్యూబు వెనక్కి వెనక్కి సాగుతుంది. చేతులు రెండూ గాలానికే ఖాళీగా ఉంటాయి. తొలిరోజుల్లో టైర్ల లోపలి ట్యూబుకి గట్టి గుడ్డ తొడిగి, మధ్యలో కూర్చోవడానికి పట్టీ కుట్టుకుని వాడేవారు. ఇప్పుడు బజార్లో దొరికేవి ముఖ్యంగా మూడు ఆకారాలు: గుండ్రంవి, ముందు తెరిచి గుర్రపు లాడంలా ఉండేవి, వెనక కోసుగా కలిసి ముందు విచ్చుకుని ఉండేవి.

కొట్లో చూసేవాళ్లంతా సీటు మెత్తగా ఉందా, వీపుకి ఆనుతోందా, జేబులెన్ని ఉన్నాయి అని చూస్తారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: దీంట్లోంచి బయటపడటం ఎలా? కాలికి ఫిన్స్, ఒంటికి నీళ్లు చొరనివ్వని వేడర్స్, అడుగున బురద, అలసిన మోకాళ్లు. ఇన్నిటితో లేచి నిలబడగలగాలి. పొరపాటున తిరగబడితే క్షణాల్లో జారి విడిపోగలగాలి. గుండ్రటి ట్యూబులో అయితే ఫిన్స్ వేసుకున్న కాళ్లను మధ్య కంతలోంచి దూర్చి, దాన్ని నడుముదాకా లాక్కుని, అలాగే నడుచుకుంటూ నీళ్లలోకి దిగాలి. దిగేటప్పుడే ఇంత తంటా. నీళ్లలో తలకిందులైతే సీటు పట్టీలే కాళ్లను పట్టేసుకుంటాయి. చవగ్గా వస్తుంది, నిజమే. కానీ నా చెల్లెలికైతే కొననివ్వను. ముందు తెరుచుకునే రకంలో అడ్డంగా ఒక కడ్డీయో పట్టీయో మాత్రమే ఉంటుంది, ఒక్క క్లిప్పు నొక్కితే ఊడి వస్తుంది. మోకాలి లోతు నీళ్లలో రెండు పాదాలూ నేలకు ఆనించి, కాస్త ముందుకు వంగి లేస్తే ట్యూబు వెనకాలే ఉండిపోతుంది.

మూడో ఆకారానికి ఇంకో సుగుణం ఉంది. కృష్ణలో పుట్టి నడిపేవాళ్లను చూసినవాళ్లకు తెలుస్తుంది, తెడ్డు ఆగిందంటే పుట్టి తన చుట్టూ తనే తిరుగుతుంది. గుండ్రటి ట్యూబుదీ అదే గుణం. వెనక కోసుగా ఉన్నదైతే నీటిని చీల్చుకుంటూ తిన్నగా పోతుంది, కాళ్లకు శ్రమ తగ్గుతుంది.

సీటు ఎత్తు మీద చాలామంది తికమకపడతారు. కిందికి ఉండే సీటులో నడుము నీళ్లలోనే నానుతుంది. చలికాలపు నీళ్లలో అది మంచిది కాదు. ఎత్తుగా ఉన్న దళసరి ఫోమ్ సీటో, గాలి ఊదే సీటో అయితే ఒంటికి నీళ్లు తక్కువ తగులుతాయి, గాలం దూరం విసరొచ్చు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు లేవడమూ సులువు. కాకపోతే ఎత్తు పెరిగేకొద్దీ గాలివాటు ఎక్కువ తగిలి ట్యూబు కొట్టుకుపోతుంది. మనలాంటివాళ్లకు ఎత్తు సీటే మేలని నా అభిప్రాయం. గాలి లేని పొద్దున పూట వెళ్లేదానికి గాలి భయం ఎందుకు?

తట్టుకునే బరువు ఎంతో ట్యూబు మీద రాసి ఉంటుంది. 250 పౌండ్లో, 300 పౌండ్లో. మన ఒంటి బరువొక్కటే లెక్కేసుకుని సరిపోతుందనుకోకండి. వేడర్స్, బూట్లు, లైఫ్ జాకెట్, సామాన్ల పెట్టె, మంచినీళ్ల సీసా, పట్టిన చేపలు అన్నీ కలిపి, ఆ పైన కొంత మిగులు ఉండాలి. ఒళ్లో పిల్లను కూర్చోబెట్టుకుని ఒక ఫోటో తీసుకుందామన్న ఆలోచన వస్తే అక్కడే తుంచేయండి. ఒక ట్యూబుకి ఒక్కరే. పిల్లలకు ఒడ్డునుంచో డాకు మీదనుంచో గాలం ఇవ్వండి, వాళ్ల సంబరం ఏమీ తగ్గదు.

ఇక ట్యూబు లోపలి సంగతి. మామూలు రకాల్లో పైన గట్టి నైలాన్ లేదా పాలిస్టర్ గుడ్డ తొడుగు, దానికి జిప్పు, లోపల గాలి నిలిపే బ్లాడర్ ఉంటాయి. చిల్లుపడితే బ్లాడర్ ఒక్కటీ మార్చుకోవచ్చు. ఖరీదైనవాటిలో విడిగా బ్లాడర్ ఉండదు, దళసరి పీవీసీ తొడుగే గాలి పట్టి ఉంచుతుంది. గట్టివే గానీ బరువూ ధరా రెండూ ఎక్కువ. ఏదైనా సరే గాలి అరలు విడివిడిగా ఉండాలి. ఒక పక్క దిగిపోతే మిగతావి మనల్ని తేల్చాలి. ధర వంద డాలర్ల పైచిలుకు నుంచి నాలుగైదు వందల దాకా ఉంటుంది. మధ్యరకం చాలు. మిగిల్చిన డబ్బుని ఎక్కడ పెట్టాలో తర్వాత చెబుతాను.

కొన్న రోజే చెరువుకి పరిగెత్తకండి. హాల్లో సోఫా పక్కకు జరిపి, చేతి పంపుతో సగం గాలి కొట్టండి. బ్లాడర్ కుట్టు తొడుగు కుట్టుతో సరిగా కలిసిందా, ఎక్కడైనా మడతపడిందా అని చేత్తో తడిమి చూసి, అప్పుడు నిండా కొట్టండి. బొటనవేలితో నొక్కితే కొంచెమే లొంగాలి. రాత్రంతా అలాగే ఉంచండి. ఇల్లు చల్లబడి తెల్లారేసరికి కాస్త మెత్తబడితే కంగారు లేదు, చల్లదనానికి గాలి కుంచించుకుపోవడం మామూలే. పూర్తిగా వాలిపోతే మాత్రం సబ్బు నీళ్లు రాయండి. బుడగలు లేచిన చోటే చిల్లు. వాల్వు మూత చుట్టూ ముందు చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే ఉంటాడు. పెట్రోలు బంకులో టైర్లకు గాలి కొట్టే యంత్రం దీనికి పెట్టొద్దు, కుట్లు తెగిపోతాయి.

ఎండతోనూ జాగ్రత్త. చల్లటి నీళ్లలో ఉన్నప్పుడు బిగువుగా కొట్టిన ట్యూబుని భోజనాల వేళ ఒడ్డున ఎండలో వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. నీడకు లాగండి, లేదా కొంచెం గాలి వదలండి. స్నోక్వాల్మీ కనుమ దాటి తూర్పు చెరువులకు వెళ్లేవాళ్లు ఇంట్లోనే ఊది కారు మీద కట్టుకోవద్దు. కనుమ 3,022 అడుగుల ఎత్తు. పైకి పోయేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి ట్యూబు ఇంకా బిగుసుకుంటుంది.

మిగిల్చిన డబ్బు సంగతి అన్నాను కదా. లైఫ్ జాకెట్‌కీ ఫిన్స్‌కీ పెట్టండి. ఈ నీళ్లు మన గోదావరి నీళ్లు కావు తల్లీ. పైన ఎండ కాస్తున్నా వసంతంలో చెరువు చల్లగానే ఉంటుంది. 15 డిగ్రీల సెల్సియస్ లోపు నీళ్లలో ఒక్కసారిగా పడితే ఊపిరి ఎగదన్ని, మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుంటుంది. ఎంత గజ ఈతగత్తె అయినా ఆ మొదటి నిమిషం ఆమె చేతిలో ఉండదు. ఆ నిమిషం మొహాన్ని నీటిపైన నిలిపి ఉంచేది జాకెట్టే. నడుముకి బెల్టులా కట్టుకుని తాడు లాగితే ఉబ్బే రకం చూడ్డానికి సొగసుగానే ఉంటుంది గానీ, కొత్తవాళ్లకూ ఈత రానివాళ్లకూ ఫోమ్ జాకెట్టే మంచిది. ఉబ్బే రకాలకు పదహారేళ్లలోపు పిల్లల విషయంలో కోస్ట్ గార్డ్ ఆమోదమే లేదు. వేడర్స్‌లో నీళ్లు నిండితే అడుక్కి లాగేస్తాయని భయపెడతారు. నీళ్లలో నీళ్లకు బరువుండదు, అలా లాగవు. కానీ వాటితో ఒడ్డెక్కడం కష్టం, చలి ఎముకల్లోకి దిగుతుంది. అందుకే నడుముకి బెల్టు బిగించి కట్టుకోవాలి.

ఫిన్స్ కొనేటప్పుడు వేడర్ బూటు వేసుకుని తొడిగి చూడండి. చీలమండకు తాడుతో కట్టుకునే ఏర్పాటు తప్పనిసరి. ఒక ఫిన్ ఊడి మునిగిపోతే ఒక్క కాలితో ఎంత కొట్టుకున్నా తిరిగిన చోటే తిరుగుతుంటారు.

ఆడవాళ్ల సంగతులు కొన్ని కొట్టువాడు చెప్పడు. వేడర్స్ విప్పకుండా బాత్రూముకి వెళ్లడం కుదరదు కాబట్టి, నడుము దగ్గర జిప్పు ఉన్న ఆడవాళ్ల రకాలు వెతకండి. దిగేముందు ఒకసారి వెళ్లొచ్చేయండి. లోపల జీన్సు, నూలు బట్టలు వద్దు, తడిస్తే ఆరవు. ఉన్నివో థర్మల్‌వో వేసుకోండి. మెడలో గొలుసు, వేలాడే చెవి జుంకాలు తీసి ఇంట్లో పెట్టండి, జడ ముడి వేసేయండి. గాలం వెనక్కి విసిరినప్పుడు ముల్లు ఎక్కడ తగులుకుంటుందో చెప్పలేం.

ఎక్కడికి వెళ్లాలంటారా? పారే నీళ్లకు ట్యూబుతో అసలు వెళ్లొద్దు. ప్రవాహం పడిపోయిన చెట్టుకొమ్మల్లోకి తోసిందంటే కాళ్లు చిక్కుకుపోతాయి. పెద్ద పడవలు తిరిగే లేక్ వాషింగ్టన్ కూడా మనకు పనికిరాదు. నార్త్ బెండ్ దగ్గరున్న రాటిల్‌స్నేక్ లేక్ లాంటి చిన్న చెరువు మంచిది, అక్కడ పెట్రోలు ఇంజన్లు నిషేధం. ఆ చెరువు అడుగు గురించి మాత్రం తెలుసుకుని దిగండి. 1915లో సీడర్ నది ఆనకట్ట వెనక నిలిచిన నీరు నేలలోంచి ఊరి, అక్కడున్న మాంక్టన్ అనే ఊరిని ముంచేసింది. పాత పెద్ద చెట్ల మొదళ్లు ఇప్పటికీ ఆ నీళ్లలో ఉన్నాయి. నీరు తగ్గితే ఒక్కొక్కటీ బయటపడతాయి. నిండుగా ఉంటే కనబడవు, కానీ మన కాళ్లు ఊగేది వాటి మధ్యే. వెనక్కి పోయే వాహనం కాబట్టి భుజం మీదుగా తరచూ చూసుకోవాలి.

ట్యూబు వేగం మనిషి నిదానంగా నడిచినంత కూడా ఉండదు. గాలి ఎటు వీస్తోందో చూసి మొదట దానికి ఎదురుగా వెళ్లండి. అలసిపోయాక ఆ గాలే ఇటు తోసుకొస్తుంది. ముందు గాలివాటున హాయిగా పోయి, మధ్యాహ్నం ఎదురుగాలిలో తిరిగి రావడం కాళ్ల తరం కాదు. నీటి మీద గరుకు అలలు లేవడం మొదలైందంటే చేప పడుతున్నా సరే ఒడ్డుకి వచ్చేయండి. సెల్‌ఫోన్ తడవని సంచిలో పెట్టి జాకెట్‌కే కట్టుకోండి, ట్యూబు జేబులో కాదు. మెడకు ఒక ఈల.

పదిహేనేళ్లు నిండినవాళ్లకు ఈ రాష్ట్రంలో లైసెన్సు ఉండాలి. అది మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి ఏప్రిల్ వేటకు కొత్తది తీసుకోండి. ఒక్కో చెరువుకి ఒక్కో నియమం ఉంటుంది. కొన్నిట్లో ఎర వాడకూడదు, కొన్నిట్లో ముళ్లకు కొక్కి ఉండకూడదు. వెళ్లే ముందు ఆ చెరువు పేరు మీద ఏముందో చదవండి. ఇంటికొచ్చాక ట్యూబుకీ ఫిన్స్‌కీ పట్టిన నాచు, బురద కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఒక చెరువు పురుగూ మొక్కా ఇంకో చెరువుకి మోసుకుపోకూడదు. పాతది కొంటున్నవాళ్లు అమ్మేవాళ్లను ముందురోజే గాలి కొట్టి ఉంచమనండి. మీరెళ్లేసరికి అది ఎలా ఉందో చూస్తే చాలు. జిప్పు రెండు చివరలూ లాగి చూడండి, అది తెగితే మిగతాదంతా దండగే.

మొదటిరోజు గాలం తీసుకెళ్లకండి. తోడుగా ఒకరిని ఒడ్డున నిలబెట్టి, మోకాలి లోతులో కూర్చోవడం, క్లిప్పు తీయడం, లేవడం, వెనక్కి నడిచి గట్టెక్కడం, ఇదొక్కటే చేయండి. కళ్లు మూసుకుని క్లిప్పు తీయగలిగేదాకా చేయండి. చేపలెక్కడికీ పోవు.