తెర మీది ఎర్ర అక్షరాలు

దర్శి,
ఆదివారం సాయంత్రం.

అమ్మలూ,

మీ నాన్న పొద్దున ఫోన్ చేసి, నువ్వు మూడు రాత్రులుగా సరిగ్గా నిద్రపోవడం లేదని చెప్పాడు. తర్వాత నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ చూశాను. గుంటూరు కోల్డ్ స్టోరేజీల కోసం మీరు తయారుచేస్తున్న యాప్‌కి మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీతో లాగిన్ కలపబోతే, ఒక ఎర్రర్ పోగానే ఇంకొకటి వస్తోందని రాశావు. యార్డుకు కొత్త మిర్చి టిక్కీలు దిగేలోపు పని పూర్తికావాలని పైవాళ్ళు గడువు పెట్టారనీ రాశావు. అదంతా సరే. చివర్లో "నాకీ పని రాదేమో పెదనాన్నా" అన్నావు చూడు, ఈ ఉత్తరం ఆ ఒక్క మాట కోసం. ఫోన్లో చెబితే సగం విని కోడ్ మార్చడానికి లేస్తావు. కాగితమైతే పక్కన పెట్టుకుని మళ్ళీ చదువుకుంటావు.

లాగిన్ ఎర్రర్ అనగానే నాకు మీ నానమ్మ వేళ్ళు గుర్తొస్తాయి. చౌకడిపోలో ఈ-పోస్ మిషన్లు పెట్టిన కొత్తల్లో ఆమె బియ్యానికి వెళ్ళి ఉత్త సంచీతో తిరిగొచ్చింది. ఎన్నో ఏళ్ళు మిరపకోతలకీ పత్తితీతలకీ వెళ్ళిన చేతులమ్మా అవి, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. "వేలిముద్ర పడట్లేదు, రేపు రా పెద్దమ్మా" అన్నారట. ఇంటికొచ్చి సబ్బుతో కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే. సెలవుకి వచ్చిన నాతో "నేను నేను కాదంటోందిరా మిషను" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మనిషి తను తనేనని చెప్పుకుంటూ నిలబడితే, అది ఒప్పుకోని యంత్రాలను కట్టే వృత్తిలోనే ఉన్నాను నేనప్పుడు.

మూడోసారి నేనూ వెంట వెళ్ళాను. మిషను తెర మీద ఉన్నదేమిటో చదివాను. 300 అని ఉంది. ఆధార్ ధ్రువీకరణలో ఆ అంకెకు ఒకటే అర్థం: ఇచ్చిన ముద్ర, దాచి ఉన్న ముద్రతో కలవలేదు. అదే 330 వస్తే, కార్డుదారే తన బయోమెట్రిక్‌లకు తాళం వేసుకున్నారని అర్థం. 561 అయితే ముద్ర తీసిన సమయానికీ అది సర్వరుకు చేరిన సమయానికీ మధ్య ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఎడం వచ్చిందని. మొదటిదానికి ఇంకో వేలు పెట్టాలి, లేదా కంటిపాప చూపాలి. రెండోదానికి తాళం తీయించాలి. మూడోదానికి మిషను గడియారాన్నీ సిగ్నల్‌నీ చూసుకోవాలి. మందులు మూడు వేరు. కానీ అక్కడ నిలబడ్డవాళ్ళందరికీ వినపడేది "పడలేదు" అన్న ఒక్క మాటే. ఆ రోజు పది వేళ్ళూ ఒక్కొక్కటే పెట్టించి చూశాం. ఎడమచేతి ఉంగరపు వేలు పలికింది. ఏ వేలు బాగా పలుకుతుందో ముందే కనిపెట్టే పద్ధతి ఆధార్‌లో ఉందని ఆ తర్వాత తెలుసుకున్నాను. అప్పటినుంచీ నానమ్మ తిన్నగా ఆ వేలే పెట్టేది.

నీకు చెప్పాలనుకున్నది ఇదే. "లాగిన్ అవట్లేదు" అనేది ఎర్రర్ పేరు కాదు, దాని వెనకున్న అంకెను చదువు. నీ స్క్రీన్‌షాట్లలో నాలుగిట్లో ఆ అంకె ఉంది. నువ్వు దాన్ని కత్తిరించి, పైన ఉన్న "క్షమించండి" అన్న వాక్యాన్ని మాత్రమే మీ గ్రూపులో పెట్టావు. దాని కిందే కోరిలేషన్ ఐడీ, సమయం కూడా ఉంటాయి. ఆ రెండూ పట్టుకుని ఎంట్రా అడ్మిన్ సెంటర్‌లో సైన్-ఇన్ లాగ్ తెరిస్తే, ఎవరు, ఏ యాప్ నుంచి, ఏ షరతు దగ్గర ఆగారో వరసగా కనపడుతుంది. ఉచిత స్థాయిలో ఆ లాగ్ 7 రోజులే ఉంటుంది, డబ్బు కట్టిన స్థాయిలో 30 రోజులు. వచ్చేవారం చూద్దామనుకుంటే చెరిగిపోతుంది.

మొదటి బొమ్మలో ఉన్నది ఏఏడీఎస్‌టీఎస్ 50011. ఇది రీడైరెక్ట్ చిరునామా గొడవ. లాగిన్ పూర్తయ్యాక మనిషిని ఎక్కడికి తిప్పి పంపాలో నువ్వు ముందుగా నమోదు చేసిన చిరునామా, నీ యాప్ ఇప్పుడు అడుగుతున్న చిరునామా అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మన పొలం అడంగల్లో సర్వే నంబరు చివర ఒక్క బై-నంబరు తప్పు పడినందుకు తాతయ్య ఎన్నిసార్లు తాలూకాఫీసు మెట్లెక్కాడో నీకు తెలుసు. ఇదీ అంతే. నమోదులో చివర స్లాష్ లేదు, నీ యాప్ స్లాష్‌తో అడుగుతోంది. ఇంత పట్టుదల ఎందుకని విసుక్కోకు. లాగిన్ అయినట్టు రుజువు ఆ చిరునామాకే వెళుతుంది. "సుమారుగా కలిస్తే చాలు" అని ఒప్పుకుంటే, పోలిన చిరునామా పెట్టుకున్న దొంగకీ వెళుతుంది.

దీంట్లోనే ఇంకో మడత ఉంది. నీ లాప్‌టాప్‌లో బాగా నడిచింది, అసలు సర్వరుకు ఎక్కించగానే ఆగిపోయింది అన్నావు. మీ సర్వరు ముందు లోడ్ బాలెన్సరు ఉంది కదా. హెచ్‌టీటీపీఎస్ అక్కడే విప్పేసి, లోపలికి ఉత్త హెచ్‌టీటీపీతో పంపుతోంది. నీ యాప్ తను హెచ్‌టీటీపీ మీద ఉన్నాననుకుని ఆ చిరునామానే అడుగుతోంది. లోకల్‌హోస్ట్‌కి తప్ప హెచ్‌టీటీపీ చిరునామాను ఎంట్రా నమోదు చేసుకోదు. కాబట్టి నమోదును కెలకకు. ముందున్న బాలెన్సరు పంపే ఫార్వర్డెడ్ హెడర్లను నమ్మేలా నీ యాప్‌ను సరిచెయ్యి. నేను ఉద్యోగంలో ఉండగా దీని దగ్గరే రెండు రోజులు పోగొట్టుకున్నాను. నీకు రెండు గంటలు చాలు.

రెండో బొమ్మ 7000215, క్లయింట్ సీక్రెట్ చెల్లదని. సీక్రెట్ తయారుచేసినప్పుడు తెర మీద రెండు గళ్ళు వస్తాయి: ఒకటి వాల్యూ, ఇంకొకటి సీక్రెట్ ఐడీ. పెట్టాల్సింది వాల్యూ. చాలామంది ఐడీని కాపీ చేస్తారు, నువ్వూ అదే చేసి ఉంటావు. వాల్యూ ఆ ఒక్కసారే కనపడుతుంది, పేజీ దాటితే మళ్ళీ చూపదు. అది పోతే వెతకొద్దు, కొత్తది చేసుకో. ఎన్నాళ్ళు చెల్లుతుందో కూడా రాసిపెట్టుకో. పోర్టల్‌లో 24 నెలలకు మించి ఇవ్వరు. గడువు తీరిన రోజున 7000222 వస్తుంది, అది ఎప్పుడూ పని ఒత్తిడి ఉన్న రోజునే వస్తుంది. సామ్ల్‌తో కలిపే యాప్‌లకైతే సంతకపు సర్టిఫికెట్‌కు మామూలుగా మూడేళ్ళ గడువు. ఈ తేదీలు నీ తలలో ఉంటే చాలదు, మీ టీమ్ అందరి క్యాలెండర్‌లో ఉండాలి. నువ్వు ఇంకో ఉద్యోగానికి వెళ్ళినా కోల్డ్ స్టోరేజీ గేటు తెరుచుకోవాలి కదా.

మూడోది 700016, ఆ డైరెక్టరీలో ఆ యాప్ లేదని. మీ కంపెనీకి పరీక్షలకో టెనెంటు, అంటే డైరెక్టరీ, అసలు పనికో టెనెంటు ఉన్నాయి. యాప్ ఒకదాంట్లో నమోదు చేసి రెండోదాని తలుపు కొడుతున్నావు. టెనెంట్ ఐడీ సరిచూసుకో, అంతకు మించి ఏమీ లేదు.

నాలుగోదాని మీద కొంచెం కూర్చో. టోకెన్ వచ్చింది, కానీ మీ సర్వరు 401 అంటోంది. 401 అంటే "నువ్వెవరో నాకు రుజువు కాలేదు" అని. 403 అంటే "నువ్వెవరో తెలిసింది, కానీ ఇక్కడికి నీకు అనుమతి లేదు" అని. 403 అయి ఉంటే పాత్రలూ అనుమతులూ చూడమనేవాడిని. నీది 401 కాబట్టి టోకెన్‌నే విప్పి చూడాలి. అందులో ఎవరు ఇచ్చారు, ఎవరి కోసం ఇచ్చారు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుంది అనేవి రాసి ఉంటాయి. నా అనుమానం రెండోదాని మీద. నువ్వు మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ కోసం తీసుకున్న టోకెన్‌ను నీ ఏపీఐకి చూపుతున్నావు. ఒంగోలు బస్సు టిక్కెట్టుతో పొదిలి బస్సెక్కితే కండక్టరు దింపుతాడు. టిక్కెట్టు దొంగది కాదు, కానీ ఆ బస్సుది కాదు. నీ ఏపీఐ పేరు మీద స్కోప్ అడిగి టోకెన్ తీసుకో.

అది సరిగ్గానే ఉంటే గడియారం చూడు. టోకెన్లలో సమయం యూటీసీలో నడుస్తుంది, మనది దానికి ఐదున్నర గంటలు ముందు. ఎవరైనా మన సమయాన్నే యూటీసీ అనుకుని సర్వరులో పెడితే, ఇప్పుడే పుట్టిన టోకెన్ కూడా కాలం చెల్లిపోయినట్టు కనపడుతుంది. పాత కెర్బరోస్ పద్ధతిలో గడియారాలు ఐదు నిమిషాలకు మించి తేడా పడితే లోపలికి రానిచ్చేది కాదు. నానమ్మ మిషను 561కీ దీనికీ మూలం ఒకటే.

టోకెన్‌ను విప్పి చూడటానికి ఏదో ఒక వెబ్‌సైటులో అతికించకు. అది చేతిలో ఉన్నవాడిదే, నోటులాగా. నీ మిషను మీదే విప్పు.

ఇంకో సంగతి, ఒకసారికి ఒక్కటే మార్చు. 2021లో మిరపకు నల్ల తామరపురుగు పడినప్పుడు మనవాళ్ళు దొరికిన మందులన్నీ కలిపి కొట్టారు. ఏ మందు పనిచేసిందో, ఏది ఆకుల్ని మాడ్చిందో చివరికి ఎవరికీ తెలియలేదు. నువ్వు నిన్న రాత్రి సీక్రెట్, చిరునామా, టెనెంట్ మూడూ ఒకేసారి మార్చానని రాశావు. నోటుబుక్కు తీసుకో. ఏ గంటకు ఏది మార్చావు, ఏ అంకె వచ్చింది, రాయి. అంకె మారితే పని ముందుకు కదిలినట్టు, ఎర్రర్ పోకపోయినా సరే. నిరాశపడ్డావు కానీ, నీ మూడు రోజుల్లో అంకె మూడుసార్లు మారిందమ్మా. నువ్వు మూడు తలుపులు దాటావు.

ఇప్పుడు నేను భయపడే చోటికి వచ్చాను. టోకెన్ సంతకం తనిఖీ ఆపేస్తే లాగిన్ అవుతోందని, గడువు దాకా అలాగే ఉంచుదామని మీ టీమ్‌లో ఎవరో అన్నారని రాశావు. ఒప్పుకోకు. రెండో ధ్రువీకరణ అడుగుతున్న 50076ను తప్పించడానికి అందరికీ ఎంఎఫ్‌ఏ తీసేద్దామన్నా ఒప్పుకోకు. 2023లో ఏమైందో చదువు. మామూలు వినియోగదారుల ఖాతాలకు వాడే మైక్రోసాఫ్ట్ సంతకపు తాళంచెవి ఒకటి స్టార్మ్-0558 అనే చైనా ముఠాకు చిక్కింది. ఆ తాళంచెవితో చేసిన దొంగ టోకెన్లు సంస్థల మెయిల్‌లోనూ చెల్లాయి, ఎందుకంటే అది ఏ కోవకు చెందిన తాళంచెవో అక్కడి తనిఖీ సరిగ్గా అడగలేదు. సుమారు 25 సంస్థల ఉత్తరాలు చదివేశారు. అంత పెద్ద కంపెనీకే ఒక్క తనిఖీ లోపం అంత నష్టం తెచ్చింది. మీ యాప్‌లో ఉండేది రైతు ఏడాది కష్టం, ఎన్ని టిక్కీలు, ఎవరి పేరు మీద, ఎంత అప్పు. ఎర్రర్ కనపడకుండా చేయడం, ఎర్రర్‌ను సరిచేయడం ఒకటి కావు. గడువు దాటితే మాట పడు, తాళం మాత్రం తీసి పెట్టకు. అవసరమైతే ఆ మాట నేను చెప్పానని చెప్పు.

తాళం ఎంత గట్టిగా ఉంటే, అసలు మనిషి ఆగిపోయినప్పుడు దారి అంత ముందుగా ఆలోచించి ఉంచాలి. అడ్మిన్ల కోసం కనీసం రెండు అత్యవసర ఖాతాలు వేరుగా పెట్టమని మైక్రోసాఫ్టే చెబుతుంది. రేపే అడిగి పెట్టించు. రైతుల సంగతి ఇంకా ముఖ్యం. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ తీర్పు ఇచ్చింది. చట్టాన్ని చాలావరకు నిలబెడుతూనే, ధ్రువీకరణ విఫలమైందన్న కారణంతో అర్హుడికి రావాల్సింది ఆపకూడదనీ, వేరే రుజువుకు దారి ఉండాలనీ మెజారిటీ న్యాయమూర్తులు చెప్పారు. అది ప్రభుత్వ పథకాల గురించి చెప్పిన మాట. మీ యాప్‌ను ఏ కోర్టూ అడగకపోవచ్చు. అయినా కురిచేడు నుంచో ముండ్లమూరు నుంచో ఒక రైతు తెల్లవారుజామున లారీతో గుంటూరు చేరి, ఫోన్ నంబరు మారినందువల్ల ఓటీపీ రాక గేటు దగ్గర నిలబడితే, అతని కాగితం రసీదు చూసి పని జరిపే మనిషి ఒకరు అక్కడ ఉండాలి. ఆ పని ఎవరు చేశారో లాగ్‌లో పడాలి. ఈ రెండూ నువ్వే అడిగి పెట్టించు.

నీకు పని రాకపోవడం కాదమ్మా ఇది. ఈ పని ఇలాగే వస్తుంది. ఈ రాత్రి అన్నం తిని పడుకో, లాగ్ రేపటికీ ఉంటుంది.

లాగిన్ ఆగినప్పుడు రైతు ఫోన్ తెర మీద ఏ వాక్యం కనపడాలో తెలుగులో రాసి నాకు పంపు. అంకె ఉండాలి, తర్వాత ఏం చేయాలో ఉండాలి, ఎవరికి ఫోన్ చేయాలో ఉండాలి. ఇక్కడ మిరపకోతలకు వచ్చేవాళ్ళకు చదివి వినిపించి, అర్థమైందో లేదో నీకు రాస్తాను.

మీ పెదనాన్న