చట్టం పుట్టిన తేదీ, అమలు తేదీ
(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

వ్యక్తిగత సమాచార రక్షణకు మన దేశంలో చట్టం ఎప్పుడు వచ్చింది? పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ ప్రశ్నకు ఒకే జవాబు ఉంటుంది: 2023. పరీక్ష పాసవడానికి అది చాలు. మన హక్కులేమిటో తెలుసుకోవడానికి మాత్రం చాలదు. ఆ ఏడాది ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆ చట్టంలో ఒక్క సెక్షనయినా అమల్లోకి రావడానికి రెండేళ్ళు దాటింది. అదయినా అన్నీ ఒకేసారి రాలేదు. ఏది ముందు వచ్చింది, ఏది వెనక పడింది అన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న సంగతి.

గోప్యత అంటే దాపరికమని కొందరు మిత్రులు అనుకుంటారు. మా వూళ్ళో ఎవరికి ఎంత అప్పుందో రచ్చబండ దగ్గర అందరికీ తెలుసు. తెలిసినవాడెవడో మనకూ తెలుసు గనుక దానితో పెద్ద చిక్కు లేదు. అదే మా నాన్న ఎరువుల కొట్లో యూరియా బస్తా కోసం మిషన్ మీద వేలు పెట్టినప్పుడు, పంట రుణానికి ఆధార్, పాస్ పుస్తకం జిరాక్సులు ఇచ్చినప్పుడు, అవి ఎవరి దగ్గర ఉంటాయో, ఎన్నాళ్ళు ఉంటాయో, ఇంకెవరికి పోతాయో ఆయనకు తెలియదు. అడిగితే చెప్పేవాడూ లేడు. అడిగే హక్కు ఉండటమే గోప్యత.

ఈ హక్కు చరిత్రలో మన తెలుగువాడి పాత్ర ఒకటుంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని మీద నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపులు తట్టేవారు. అతను సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962 డిసెంబరులో వచ్చిన తీర్పులో, ఆ రాత్రి తనిఖీలు చెల్లవని కోర్టు కొట్టేసింది. కాని గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావుగారు దీనితో ఏకీభవించలేదు. గోప్యత లేనిదే వ్యక్తి స్వేచ్ఛ లేదని మైనారిటీ తీర్పు రాశారు. 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. సుబ్బారావుగారి మాట నెగ్గడానికి యాభై నాలుగేళ్ళు పైగా పట్టింది. లా కాలేజీ వాళ్ళకు ఇది పాత కథే కావచ్చు. సైన్సు క్లాసుల్లో మాకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ నివేదిక, 2019లో బిల్లు, 2022 ఆగస్టులో ఆ బిల్లు ఉపసంహరణ, 2023లో కొత్త చట్టం. దాని పేరు డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం. అందులో మొత్తం 44 సెక్షన్లు ఉన్నాయి. ఓపిక ఉంటే ఒక ఆదివారం మధ్యాహ్నం చదివేయవచ్చు. పేరులో 'డిజిటల్' అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. కంప్యూటరులోకి ఎక్కిన సమాచారానికే ఈ చట్టం వర్తిస్తుంది. బీరువాలో కట్టలుగా పడి ఉన్న జిరాక్సులకు వర్తించదు. వాటిని స్కాన్ చేసి ఎక్కిస్తే అప్పుడు వర్తిస్తుంది.

చట్టంలో మంచి లేకపోలేదు. ఏ పనికి అడిగారో ఆ పనికి కావలసిన సమాచారానికే మన సమ్మతి చెల్లుతుంది. చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది: ఫోనులో వైద్య సలహా ఇచ్చే యాప్ ఒకటి మన ఫోన్లోని నంబర్ల జాబితా కూడా అడిగింది. మనం రెంటికీ సరే అన్నాం. అయినా ఆ జాబితా వైద్యానికి అవసరం లేదు గనుక, దానికిచ్చిన సమ్మతి లెక్కలోకి రాదు. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలి. ఏ సమాచారం, ఎందుకు అని తెలిపే నోటీసును కోరితే తెలుగులో కూడా చదువుకునే వీలుండాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మన కాలేజీలో మొదటి సంవత్సరం చేరేవాళ్ళలో పదిహేడేళ్ళవాళ్ళు చాలామందే ఉన్నారు. మీసాలు వచ్చినా చట్టం దృష్టిలో వాళ్ళు బాలలే!

ఇక అసలు సంగతి. 2025 నవంబరులో కేంద్రం నియమాలను గెజిట్‌లో ప్రకటించింది. ఏ సెక్షను ఎప్పుడు మొదలవుతుందో కూడా అప్పుడే చెప్పింది. నిర్వచనాలు, డేటా ప్రొటెక్షన్ బోర్డుకు సంబంధించినవి వెంటనే. మన తరఫున సమ్మతుల వ్యవహారం చూసే సంస్థల నమోదు ఏడాదికి. నేను పై పేరాలో చెప్పిన సమ్మతి, నోటీసు, సవరించమనీ చెరిపేయమనీ అడిగే హక్కు, ఇవన్నీ పద్దెనిమిది నెలలకు, అంటే ఆ ప్రకటన ప్రకారం 2027 మేలో.

వెంటనే వచ్చినవాటిలో 44వ సెక్షనులోని మూడో ఉపసెక్షను కూడా ఉంది. చూడటానికి ఒక్క వాక్యమే. అది 2005 నాటి సమాచార హక్కు చట్టాన్ని సవరిస్తుంది. పూర్వం అధికారి వ్యక్తిగత సమాచారమని నిరాకరించాలంటే, దానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేదని గాని, ఇవ్వడం ఆ వ్యక్తి గోప్యతలోకి అకారణంగా చొరబడటమవుతుందని గాని చూపాలి. ఇప్పుడు ఆ షరతులు తీసేశారు. వ్యక్తిగత సమాచారం అంటే చాలు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చుననే 8(2) సెక్షను అలాగే ఉన్నదన్నది నిజమే. కాని అడిగేవాడి మీద బరువు పెరిగింది.

ఇది పల్లెటూరివాళ్ళకు చిన్న విషయం కాదు. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీకి ఆంధ్రప్రదేశ్ దేశంలోనే పేరు తెచ్చుకుంది. మస్టరు రోలులో పేర్లు చదివి, పని చేశావా, డబ్బు అందిందా అని ఊరి మధ్య అడిగితేనే దొంగ హాజరు బయటపడేది. పేరూ, కూలీ వ్యక్తిగత సమాచారమే గదా అని రేపెవరైనా అంటే? పేదవాడి గోప్యతను కాపాడవలసిన మాట, పేదవాడి కూలి తిన్నవాడికి గొడుగు కాగూడదు. గోప్యత కావాలనేవాళ్ళూ, సమాచార హక్కు కావాలనేవాళ్ళూ శత్రువులని నేను అనుకోను. మన హక్కులకు పద్దెనిమిది నెలలు గడువు పెట్టి, ఈ సవరణను మాత్రం మొదటి రోజే తేవడం నాకు న్యాయంగా తోచలేదు.

ఇదే సెక్షనులో ఇంకొకటి. ఐ.టి. చట్టంలో 43ఎ అనే సెక్షను ఉంది. కంపెనీ అజాగ్రత్త వల్ల సున్నితమైన సమాచారం బయటపడి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలంటుందది. పద్దెనిమిది నెలల విడతతో అది రద్దవుతుంది. కొత్త చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయవచ్చు. వినడానికి ఘనంగా ఉంది. ఆ డబ్బు భారత సంచిత నిధికి జమ అవుతుంది. నష్టపోయినవాడికి అందులోంచి పైసా రాదు.

కాబట్టి ఈ విషయం మీద ఆసక్తి ఉన్న మిత్రులు పత్రికల్లో 'చట్టం వచ్చింది' అన్న శీర్షిక చూసి ఆగకూడదు. గెజిట్ తీసి మొదటి సెక్షను చూడాలి. 'ప్రభుత్వం ప్రకటించిన తేదీ నుంచి' అని ఉంటే, ఆ ప్రకటన కోసం విడిగా వెతకాలి. తర్వాత చివరి పేజీకి వెళ్ళాలి. ఇతర చట్టాలకు సవరణలు చాలావరకు అక్కడే ఉంటాయి, చాలామంది అక్కడిదాకా చదవరు. గడువులను మరో ప్రకటనతో మార్చే వీలుంది గనుక, ఒకసారి చూసి వదిలేస్తే లాభం లేదు. మన యూనియన్ రీడింగ్ రూములో రోజూ వచ్చే దినపత్రికల పక్కన ఈ చట్టం ప్రతి ఒకటి, ఏ సెక్షను ఏ తేదీ అని రాసిన కాగితం ఒకటి ఉంచమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. ఆ కాగితం మొదటి ప్రతి నేను రాసి ఇస్తాను.